పంటి కింద తాయెత్తు

జగ్గయ్యపేట
12-7-1961

కృపకు,

రాఘవమ్మ రాస్తున్నా. అవసరం పడితేగానీ కలం పట్టదు అని తిట్టుకుంటూ చదువుతావని తెలుసు. తిట్టుకో. నందిగామ హైస్కూల్లో మన క్లాసుకి ఆడపిల్లలం ఇద్దరమే అయినప్పుడు లెక్కలన్నీ నీ పుస్తకం చూసే చేశాగా. ఇప్పుడూ అంతే. నా లెక్క నాకు తేలక నీ దగ్గరికొచ్చా.

మా పుష్పవతి సంగతి. దానికి ఏడో ఏడు నడుస్తోంది. నిరుటి నించీ ఒకటే దగ్గు. బెజవాడలో ఒక డాక్టరుగారు ఛాతీకి ఫోటో తీయించి క్షయ అన్నారు. అప్పట్నించీ రోజూ సూది. కాంపౌండరు గుమ్మంలోకి రాగానే పిల్ల ధాన్యం బస్తాల వెనక దూరుతుంది. గుచ్చడానికి ఒంటి మీద ఇక చోటు లేదు, దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నాలుగడుగులు పరిగెడితే గుండెల మీద చెయ్యేసుకుని కూలబడుతుంది. తోటిపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఇది అరుగు మీద కూచుని ఎవరు గీత తొక్కారో తీర్పు చెప్తుంది. ఆడటం లేదని ఏడవదు. అది చూస్తేనే నాకు ఏడుపొస్తుంది.

దీనికి ముందు ముగ్గురు పుట్టి పోయారు. నీకు తెలియంది కాదు. ఇది పుట్టగానే మా అత్తగారు పున్నమ్మగారు వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుని దీని మెళ్ళో తాయెత్తూ, పులిగోరూ, పూసలూ కలిపి దారం కట్టారు. ఆ ఫోటోలో దారానికున్నవన్నీ తెల్లగా పడ్డాయి. "స్వామి కూడా ఫోటో దిగాడమ్మా" అని నవ్వారు డాక్టరుగారు.

ఆ ఫోటోని బస్సు కండక్టరు చేత పంపుతున్నా. నువ్వూ డాక్టరువేగా, ఇంకాస్త బలమైన సూది ఏదన్నా ఉంటే రాయి.

రాఘవమ్మ


నందిగామ
17-7-1961

రాఘవా,

బలమైన సూది కావాలా? ముందు ఆ సూదులు ఆపించు. అవి ఊరికే పొడుస్తూ పోతే పిల్లకి చెవులు దెబ్బతింటాయి.

నీ ఫోటోని కిటికీకి అంటించి కాఫీ తాగుతూ చూశా, భోజనం చేస్తూ చూశా. మా నాన్న శాంతయ్య మేష్టారు విసుక్కుని "గోడకి పటం కట్టించు" అన్నాడు. క్షయ మచ్చ దూది పింజలా చెదిరి ఉంటుంది. ఇది సాసరు బోర్లించి గీసినట్టుంది. గుండ్రం, అంచు తేట. గుండె పక్కన దర్జాగా కూచుంది. మీ ఇంట్లో దగ్గేవాళ్ళు ఇంకెవరూ లేరు. పిల్లకి సాయంత్రం జ్వరం వస్తుందని నువ్వు రాయలేదు. వస్తే రాసేదానివే.

ఇంకొకటి. దారం మీది వస్తువులన్నీ వరసలో ఉన్నాయి, వాటిలో ఒక తెల్ల మచ్చ మాత్రం వరస తప్పింది. దారానికి కట్టింది దారాన్ని వదిలి పక్కకి ఎట్లా పోతుంది? దారం తీసేసి మళ్ళీ ఫోటో తీయించు. ఎదురుగా ఒకటి, పక్కనించి ఒకటి. కఫంలో ఏం పడుతుందో కూడా చూసి రాయి. చీము, నెత్తురు, వాసన, ఏదైనా సరే. వైద్యుడి దగ్గర దాపరికం పనికిరాదు.

ఇది నాకు లొంగే రోగమే అనిపిస్తోంది. ధైర్యంగా ఉండు.

కృపావతి


జగ్గయ్యపేట
2-8-1961

కృపా,

సూదులు ఆపేశాం. పిల్ల పండగ చేసుకుంది.

దారం తియ్యడం మాత్రం నా వల్ల కాదు. పన్నెండో ఏట వేదాద్రిలో తలనీలాలిచ్చి, అక్కడ కృష్ణలో మునిగాక తియ్యాలి. అప్పటిదాకా ముడి విప్పకూడదని మొక్కు. ఫోటో కోసం ఒక్క నిమిషం తీస్తే ఏమవుతుంది అంటావు. ఏమీ కాదేమో. కానీ ఆ నిమిషం తర్వాత పిల్లకి ఏదన్నా అయితే నేనే చేశానని ఇంటిల్లిపాదీ అంటారు. వాళ్ళ సంగతి అటుంచు, నేనే అనుకుంటా. ముగ్గుర్ని మట్టిలో పెట్టిన చేతులివి, ఆ ముడి మీదికి పోవడం లేదు.

నవ్వాలంటే నవ్వుకో. వేరే దారి ఉంటే చెప్పు.

రాఘవమ్మ


నందిగామ
6-8-1961

రాఘవా,

నవ్వలేదు. మా అమ్మ కూడా నేను పరీక్షకి వెళ్తుంటే బైబిలు తల మీద పెట్టి గానీ పంపేది కాదు. ఎవరి దారం వాళ్ళకుంటుంది.

ముడి విప్పొద్దు. దారం నోటిదాకా అందుతుందిగా? ఫోటో తీసేటప్పుడు ఆ తాయెత్తూ పులిగోరూ పూసలూ అన్నీ గుత్తిగా పట్టుకుని పుష్పని పళ్ళ మధ్య బిగించమను. అవన్నీ నోట్లో ఉంటాయి, ఛాతీ ఖాళీ అవుతుంది. మొక్కూ చెడదు, ఫోటో చెడదు. ఫోటో తీసేవాడు నవ్వితే నా పేరు చెప్పు, వాడి సంగతి నేను చూసుకుంటా.

నేనడిగిన రెండోదానికి నువ్వు జవాబు రాయలేదు. కఫం సంగతి?

కృపావతి


జగ్గయ్యపేట
20-9-1961

కృపా,

ఇంత ఆలస్యమైందని కోప్పడకు. మొదటిసారి బయల్దేరితే కీసర దగ్గర మున్నేరు పొంగి బస్సులు ఆపేశారు, వెనక్కొచ్చాం. రెండోసారి మా ఆయనకి పొలంలో నాట్లు. మొన్న వెళ్ళొచ్చాం.

నువ్వు చెప్పినట్టే చేశాం. పుష్ప గుత్తంతా నోట్లో బిగించి, కళ్ళు పెద్దవి చేసి, మిషను ముందు పోలీసులా నిలబడింది. "ఊపిరి బిగబట్టు పాపా" అంటే బుగ్గలు కూడా పూరించింది. ఫోటో అతను నవ్వాడు గానీ మంచివాడే, పక్కనించి తీసినదానికి డబ్బులు తగ్గించాడు. బయటికొచ్చాక ఇది పులిగోరు ఉప్పగా ఉందని తీర్పిచ్చింది. మా ఆయన సుబ్బరాయుడుగారు కూడా చాన్నాళ్ళకి నవ్వారు.

ఫోటోలు రెండూ పంపుతున్నా. కఫం మామూలే. తెల్లగా, జిగటగా. చెప్పుకోడానికి ఏమీ లేదు.

రాఘవమ్మ


నందిగామ
25-9-1961

రాఘవా,

పుష్పకి నా తరఫున ఒక రూపాయి బిళ్ళ ఇవ్వు. ఇంత చక్కటి ఫోటో పెద్దవాళ్ళు కూడా దిగరు.

విషయం చెప్తా, కూచుని చదువు. క్షయ కాదు. ఛాతీలో, గుండెకీ ఊపిరితిత్తికీ మధ్య ఒక కంతి ఉంది. పుట్టుకతోనే ఉంది, పిల్లతో పాటే పెరిగింది. అదే ఊపిరికి అడ్డం పడుతోంది. చెడ్డ జాతి కాదు. చాలా అరుదైనది, కానీ తీసేస్తే మళ్ళీ రాదు. సూదులకీ, పొడులకీ, పసర్లకీ కరగదు. కోసి తియ్యాల్సిందే. బెజవాడలో కుదరదు, రాయవేలూరు పెద్దాసుపత్రిలో కుదురుతుంది. అక్కడ నేను పని నేర్చుకునేటప్పుడు ఛాతీ ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారి పక్కన నిలబడ్డా. ఆయనకి ఇవాళే ఉత్తరం వేశా.

వరస తప్పిన ఆ తెల్ల మచ్చ తాయెత్తుది కాదు. అన్నీ నోట్లోకి పోయినా అది కదల్లేదు. కంతి లోపలిదే. అదేమిటో పెద్ద డాక్టరుగారు చూశాక చెప్తా.

సంక్రాంతి దాకా, కోతలయ్యేదాకా అనుకోకండి. ఆలస్యం అమృతం విషం.

కృపావతి


జగ్గయ్యపేట
8-10-1961

గౌరవనీయులైన డాక్టరు కృపావతిగారికి,

నమస్కారములు. మీరు మా అమ్మాయి విషయమై తీసుకొన్న శ్రమకు కృతజ్ఞులము. ఆడపిల్ల రొమ్ము కోయించుట మా ఇంట పెద్దలకు సమ్మతము కాదు. గరికపాడు అవతలినుండి తెలిసినవారొకరు వచ్చి దీపావళి అమావాస్యకు వైద్యము చేయుదురు. కావున తాము రాయవేలూరు వారికి వద్దని వ్రాయవలెను. ఫోటోలు తిరిగి పంపగలరు.

ఇట్లు,
రాఘవమ్మ


నందిగామ
11-10-1961

ఏమే, నేను నీకు గౌరవనీయురాలినా?

ఆ ఉత్తరం నీ చేతిరాతే, మాట నీది కాదు. పక్కన ఎవరో నిలబడి చెప్తుంటే రాశావు. ఫోటోలు పంపను. రాయవేలూరుకి వద్దని రాయను. అమావాస్యకి వచ్చే ఆ తెలిసినాయన చేసే వైద్యం ఏమిటో నాకు తెలుసు. సూది కాల్చి రొమ్ము మీద వాతలు పెడతాడు. మా ఆసుపత్రికి అట్లాంటి పిల్లలు వస్తూనే ఉంటారు, వాతలు చీము పట్టి.

నువ్వేదో దాస్తున్నావు. కఫం సంగతి రెండుసార్లు అడిగితేగానీ జవాబు రాలేదు, వచ్చిన జవాబు కూడా అతికించినట్టుంది. సరే, నేను కూడా ఒకటి దాచా. ముందు నాది చెప్తా, తర్వాత నీది చెప్పు.

ఆ తెల్ల మచ్చ పన్ను. మనిషి పన్ను. పుష్ప ఛాతీలో కంతిలో ఒక పన్ను ఉంది.

భయపడకు. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఏ భాగం ఎక్కడ మొలవాలో అక్కడ మొలుస్తుంది. నారుమడిలో విత్తనాలు చల్లేటప్పుడు నాలుగు గింజలు గట్టు మీద పడితే అక్కడే మొలకెత్తవూ? ఇదీ అంతే. నోట్లో మొలవాల్సింది తప్పిపోయి ఛాతీలో మొలిచింది. అది పుష్ప ఒంటిదే, బయటినించి ఎవరూ పెట్టింది కాదు. నీకు ఎందుకు చెప్పలేదంటే, ఈ మాట బయట పడితే పోయిన పిల్లలు దీంట్లో దూరారని ఊరు ఊరంతా అంటుంది, గోరంతను కొండంత చేస్తారు. ఆ మాట నీ చెవిన పడటం నాకు ఇష్టం లేకపోయింది.

నాది అయింది. ఇక నీ వంతు.

కృప


జగ్గయ్యపేట
15-10-1961

కృపా,

నీ ఉత్తరం పశువుల కొట్టంలో కూచుని చదివా. పన్ను అన్నదగ్గర ఆగి మళ్ళీ మొదటినించీ చదివా.

చెప్తా. వినాయక చవితినాడు పిల్ల బాగా దగ్గింది. నాలుక మీద ఏదో అంటుకుంటే తీసి చూపించింది, "అమ్మా, వెంట్రుక" అని. ఉండ్రాళ్ళలో పడిందేమో అనుకున్నా. తర్వాత మళ్ళీ. కఫంతో పాటు చిన్న చిన్న వెంట్రుకలు, జిడ్డుగా, ఎర్రగా. దాని జుట్టు కాటుకలా నలుపు కదా. దగ్గినప్పుడల్లా దోసిలి పట్టి, వచ్చినవి పొయ్యిలో వేసి కాల్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తే కఫంలో వెంట్రుకలేమిటే, చదువుకున్నదానివి అని నవ్వుతావనుకున్నా.

ఒకసారి మా అత్తగారు చూసేశారు. ఆమెది కోదాడ దిక్కు. "ఇది బాణామతి. మా దిక్కు ఇట్లాంటివి శానా చూసిన" అన్నారు. రోజూ పుష్పకి జడ వేసేది మా ఇంట్లో పనిచేసే రత్తమ్మ. వెంట్రుకలు తీసుకుపోయి మంత్రం పెట్టించిందని ఆమెను గుమ్మం తొక్కొద్దన్నారు. రత్తమ్మ ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె చెయ్యలేదని నాకు తెలుసు. కానీ ఎవరూ ఏమీ చెయ్యకపోతే పిల్ల నోట్లోంచి వెంట్రుకలెట్లా వస్తాయి? మా ఆయన భయపడిపోయి, నా పక్కన నిలబడి ఆ ఉత్తరం రాయించారు.

కృపా, నాకు భయంగా ఉంది. పిల్ల నిన్న "నా లోపల ఎవరున్నారమ్మా" అని అడిగింది.

రాఘవ


నందిగామ
17-10-1961

రాఘవా,

జుట్టా! నువ్వు పొయ్యిలో వేసి కాల్చిందంతా నాకు కావలసిన సాక్ష్యమే. పన్ను మొలిచినచోట జుట్టూ మొలుస్తుంది, అదే గింజ, అదే గట్టు. ప్రపంచంలో ఏ డాక్టరైనా కఫంలో జుట్టు పడిందని వింటే ఇంకో ప్రశ్న అడగడు. ఈ ఒక్క రోగానికే అట్లా పడుతుంది. నవ్వుతానన్నావు. లేచి నిలబడి చప్పట్లు కొట్టా, నర్సు లూర్దమ్మ పరిగెత్తుకొచ్చింది. నువ్వు జుట్టు దాచావు, నేను పన్ను దాచా. ఇద్దరం కలిసి ఒకే కంతిని చెరోవైపు కప్పెట్టాం!

పుష్పకి చెప్పు, లోపల ఎవరూ లేరు, అంతా అదే అని.

ఇప్పుడు చప్పట్లు పక్కన పెట్టి రాస్తున్నా. జుట్టు బయటికి వస్తోందంటే కంతికి చిల్లి పడి ఊపిరి గొట్టంలోకి తెరుచుకుంది. ఇవాళ వెంట్రుకలు వస్తున్నాయి. రేపు చీము పట్టి ఒక్కసారిగా గొట్టంలోకి దిగితే పిల్లకి ఊపిరాడదు, అప్పుడు నేనున్నా ఎవరున్నా చేసేది ఉండదు. ఆ వాతలాయన ఇంట్లోకి రావడానికి వీల్లేదు.

గురువారం మొదటి బస్సుకి వస్తున్నా. మీ అత్తగారు నన్ను వసారా దాటనివ్వరు. పర్వాలేదు, ఫోటో చూపించడానికి వెలుతురు వసారాలోనే బాగుంటుంది.

కృప


జగ్గయ్యపేట
20-10-1961

కృపా,

నువ్వు బస్సెక్కాక ఏమైందో రాస్తున్నా.

నిన్ను వసారాలో కూచోబెట్టినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు నవ్వుతూ కూచున్నావు గానీ నేను నవ్వలేకపోయా. అటు నువ్వు వెళ్ళగానే ఆ మాట అత్తగారి మొహానే అనేశా. ఆమె ఫోటో పట్టుకుని ఎండకేసి తిప్పుతూ అట్లాగే కూచుంది. నువ్వు ఆమెతో వాదించకుండా, "బాణామతే అనుకోండి పున్నమ్మగారూ. లోపల పెట్టినదాన్ని పైన కాలిస్తే బయటికొస్తుందా?" అన్నావే, ఆ మాటే బుర్రలో తిరిగినట్టుంది. ఆ పన్ను మీద వేలు పెట్టి, తన పన్ను తడుముకుని, మళ్ళీ ఫోటో చూసింది.

దీపాలు పెట్టే వేళకి మా ఆయన పొలంనించి వచ్చారు. ఆమె కొడుకుని పిలిచి, "సుబ్బా, ముగ్గురు మన మాట మీదనే పోయిండ్రు. దీన్ని ఆ డాక్టరమ్మ మాట మీద పంపుదాం" అంది. అంతే. మా ఆయన అక్కడే గడప మీద కూచుండిపోయారు.

తర్వాత నాతో, "అంత ఎండల వచ్చింది, మంచినీళ్ళన్న ఇచ్చినవా?" అని అడిగింది. ఇవ్వనిచ్చారా అన్నా. "ఈసారి లోపలికి పిలువు" అంది.

తనూ రాయవేలూరు వస్తానని పట్టుబట్టింది. ఎప్పుడు బయల్దేరాలో రాయి. పిల్లని మొయ్యడానికి కూడా నేను సిద్ధంగా ఉన్నా. బస్సు దగ్గర ఒక మాట అడిగా, హారన్ మోతలో నువ్వు విన్నావో లేదో. బతుకుతుందా?

రాఘవ


నందిగామ
23-10-1961

రాఘవా,

విన్నా. నీళ్ళు నమలకుండా రాద్దామని అప్పుడు చెప్పలేదు.

ఛాతీ తెరవడం చిన్న పని కాదు. కంతి గుండెకి అంటుకుని ఉంటే ఒలుచుకుంటూ రావాలి. అయినా నేను అక్కడ ఉండగా ఇట్లాంటి పిల్లవాణ్ణి ఒకణ్ణి చూశా. వాడికి పుష్పకున్నదానికంటే పెద్ద కంతి. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. మత్తు ఇచ్చేవాళ్ళు, కోసేవాళ్ళు, తర్వాత చూసేవాళ్ళు, అందరూ చెయ్యి తిరిగినవాళ్ళు. బతుకుతుంది అని రాస్తున్నా. నీకు ధైర్యం చెప్పడానికి రాయడం లేదు, లెక్క చూసి రాస్తున్నా. నా లెక్కలు నువ్వు ఎప్పుడూ నమ్మావుగా.

పెద్ద డాక్టరుగారు వెంటనే రమ్మన్నారు. బెజవాడలో మద్రాసు వైపు రైలెక్కండి, కాట్పాడిలో దిగాలి, దారి అంతా వేరే కాగితం మీద రాశా. దారిలో పిల్ల ఎక్కువ దగ్గితే బోర్లా పడుకోబెట్టి వీపు తట్టు. రక్తం కావాలంటారు. మగవాళ్ళు అక్కడ బీడీ తాగొస్తానని మాయమవుతారు, మీ ఆయన చొక్కా పట్టుకో. మెళ్ళో దారం సంగతి ఆపరేషను గదిలోవాళ్ళకి రాశా. విప్పరు. ఎత్తి నుదుటికి కట్టుకట్టి ఉంచుతారు.

నేను రాలేను. మూడు పురుళ్ళు ఎదురుచూస్తున్నాయి. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక తప్పుతుందా! అక్కడ నేనుంటే ఏం చేస్తానో అది నువ్వు చెయ్యి. ఏదడిగినా సిగ్గుపడకుండా చెప్పు, ఏదర్థం కాకపోయినా సిగ్గుపడకుండా అడుగు.

కృప


రాయవేలూరు
21-11-1961

కృపా,

తంతి అంది ఉంటుంది. అందులో "క్షేమం" తప్ప ఏమీ పట్టలేదు, మిగతాది ఇదిగో.

మా ఆయన చొక్కా నేను పట్టుకోవాల్సిన పని రాలేదు. తనే ముందు నడిచి చెయ్యి చాచారు. సీసాలోకి రక్తం దిగడం చూసి, "ఇదంతా నాదేనా" అని అడిగి, అక్కడే కళ్ళు తేలేశారు. నర్సులు ఆయన్ని పడుకోబెట్టి కాఫీ పట్టారు. తర్వాత నేనిచ్చా. నాకేం కాలేదు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే ఆయనకి కోపం.

పొద్దున తీసుకెళ్ళి మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. ఆ మధ్య నేను ఎట్లా ఉన్నానో రాయను, నీకు తెలుసు. పెద్ద డాక్టరుగారు వచ్చి, కంతి మొత్తం వచ్చేసింది, గుండెకి అంటుకోలేదు, చీము పట్టడం అప్పుడే మొదలైంది, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చెప్పలేం అన్నారు. తమిళంలో సగం, తెలుగులో సగం చెప్పారు గానీ నాకు అంతా తెలిసింది. ఆ ఫోటో చదివి పంపిన డాక్టరమ్మ ఎక్కడ పనిచేస్తోందని అడిగారు. నందిగామ అని గట్టిగా చెప్పా, వరండాలో అందరూ తిరిగి చూశారు.

కంతిని పళ్ళెంలో పెట్టి చూపిస్తారా అని అడిగింది మా అత్తగారే. నేను ఆపబోతే వినలేదు. పెద్ద జామకాయంత ఉంది. కోసి చూపించారు. వెన్న లాంటి జిడ్డులో ఎర్రటి జుట్టు చుట్ట చుట్టుకుని, దాంట్లో పన్ను. ఆమె దగ్గరికి వంగి చాలాసేపు చూసి, "ఇది ఎవరు పెట్టింది కాదు, పిల్లదే" అంది. బయటికొచ్చి కూచుని కొంగుతో మొహం కప్పుకుంది. ఇంటికి పోగానే రత్తమ్మ ఇంటికి తనే వెళ్ళి పిలుచుకొస్తానంది. వెళ్తుందో లేదో చూడాలి. వెళ్ళకపోతే నేను తీసుకెళ్తా.

పుష్పకి ఛాతీలో గొట్టం పెట్టి కింద సీసాలో ముంచారు. మొదట్లో నొప్పికి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నిన్న గొట్టం తీసేశారు. ఇవాళ పొద్దున నర్సు లేపి కూచోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చు పాపా అంది. భయపడుతూ పీల్చింది. ఆగింది. మళ్ళీ పీల్చింది. దగ్గు రాలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నాకేసి చూసింది.

"అమ్మా, గాలి లోపలిదాకా ఇంత పోద్దా?" అంది.

పోద్దమ్మా అన్నా.

"అందరికీనా?"

అందరికీ అన్నా.

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అంది.

రాఘవ